కుడివైపు కింది నిప్పిల్

మా పికప్ బండి ముందు భాగంలో గ్రీజు పెట్టే చోట్లు పద్నాలుగు. ప్రతి చోటా వేరుశనగ గింజంత ఇనప ముక్క బిగించి ఉంటుంది. దాన్ని నిప్పిల్ అంటారు. దాని నెత్తిన చిన్న కన్నం, ఆ కన్నంలో ఆవగింజంత గుండు. గ్రీజు గన్ను మూతి తగిలించి నొక్కితే గుండు లోపలికి జరిగి గ్రీజు పోతుంది. వదిలేస్తే గుండు వెనక్కొచ్చి మూసుకుంటుంది. ఒక్క అక్షరం రాని రోజుల్లో కూడా ఈ పద్నాలుగూ కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలిగేదాన్ని. అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, మా ఆయన పోయాక. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఆయన బతికుండగా చదువొచ్చి ఉంటే రాసి, ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించేదాన్ని.

మాది ఉయ్యూరుకి అవతల, కాలవ గట్టు మీద ఊరు. తొంభైల మధ్యలో మా ఆయన ఉన్న రెండెకరాలూ కౌలుకి వదిలేసి పాత పికప్ బండి ఒకటి కొన్నాడు. లంకల్లో అరటి గెలలు ఎక్కించుకుని తెల్లారేసరికి బెజవాడ మార్కెట్టులో దింపాలి. తిరుగు బండిలో పశువులకి తవుడు, గానుగ చెక్క తేవాలి. మొదటి రెండేళ్ళు తనే నడిపాడు, బండి కింద దూరి తనే గ్రీజు పెట్టుకున్నాడు. మూడో ఏడు గెలలు మోసి మోసి నడుం పట్టేసింది. వంగితే లేవలేడు, కూర్చుంటే కాలు తిమ్మిరెక్కేది. అప్పుడు స్టీరింగు మా తమ్ముడికిచ్చాడు. గ్రీజు గన్ను నాకిచ్చాడు.

మా తమ్ముడు అంతకుముందు ఫ్యాక్టరీకి చెరకు ట్రాక్టరు తోలేవాడు. మా పెరట్లోనే తాటాకు పాక వేసుకుని భార్యనీ పాలు తాగే ఆడపిల్లనీ తెచ్చుకున్నాడు. వాడికి సెంటు నేల లేదు. డ్రైవింగు తప్ప ఇంకో పని రాదు. బండి ఉంటే వాళ్ళకి ఇల్లుంది, బండి పోతే పాక కూడా పోతుంది. ఇది మా అందరికీ తెలుసు. మా ఆయనకి ఇంకా బాగా తెలుసు.

గ్రీజు పని తమ్ముడికే ఇవ్వొచ్చుగా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అడిగాను.

"డ్రైవరు చేతికి గ్రీజు డబ్బా ఇచ్చినోడెవడే? సగం పెట్టి సగం అమ్ముకుంటాడు" అన్నాడు.

"వాడు నా తమ్ముడు."

"అందుకే సగం అన్నా. వేరేవాడైతే మొత్తం అమ్ముకుంటాడు."

బెజవాడ ఆటోనగర్‌లో గ్రీజు పెట్టే షాపులు బోలెడు. అక్కడ ఇస్తే పైపైన పూసి పంపుతారని ఆయన అనుమానం. కాబట్టి నేను.

అమావాస్య నాడు మా వైపు లారీలవాళ్ళు, వ్యానులవాళ్ళు బండి తియ్యరు. కడుక్కుంటారు, నిమ్మకాయలు కడతారు, చిన్నాచితకా పనులు చేసుకుంటారు. మా బండికీ అదే గ్రీజు రోజు. కృష్ణ పక్కన బురద దారుల్లో తిరిగే బండికి పదిహేను రోజులకోసారి పెట్టాలని తర్వాత తెలిసింది. మాకు చంద్రుడు లేని రోజు వస్తేనే గ్రీజు. పొద్దున్నే తమ్ముణ్ణి మర్నాటి గెలలు మాట్లాడి రమ్మని లంకలకి పంపేసేవాడు. బండిని పెరట్లో పశువుల పాక పక్కకి పెట్టించి, దారిన పోయేవాళ్ళకి కనపడకుండా తడికలు అడ్డం కట్టేవాడు. ఆడది బండి కింద పడుకుంటే ఊళ్ళో మొహం ఎట్టా చూపించేదంటాడు. పడుకోబెట్టింది తనేగా అని నేను అనలేదు. అన్నవి చాలా ఉన్నాయి, అనలేనివి కొన్ని.

పని ఎలా చెయ్యాలో ఆయన నేర్పిన తీరు ఇది. తను నులక మంచం మీద కూర్చుంటాడు. నేను కిందకి దూరుతాను. వెనక టైర్లకి ఇటుకలు అడ్డం పెట్టి, ముందు ఇరుసు కింద జాకీ ఎత్తి, చక్రం నేలకి తగలకుండా చెయ్యాలి. చక్రం ఇరుసుకి అటూ ఇటూ తిరగాలంటే మధ్యలో నిలువుగా లావుపాటి పిన్ను ఉంటుంది, దాన్ని కింగ్ పిన్ను అంటారు. బండి బరువంతా దాని మీదే. బరువు దిగితేనే గ్రీజు పిన్ను చుట్టూ ఎక్కుతుంది. ఒక్కో పక్కా పైన ఒక నిప్పిల్, కింద ఒక నిప్పిల్. అవి నాలుగు. స్టీరింగు రాడ్లకి నాలుగు. కమాను కట్టలకి ఆరు. కిరసనాయిలు గుడ్డతో మట్టి తుడిచి, గన్ను తగిలించి, లోపలి పాత నల్ల గ్రీజు అంచుల్లోంచి బయటికొచ్చి దాని వెనకాల కొత్త పసుప్పచ్చ గ్రీజు కనపడేదాకా నొక్కాలి. తప్పు చోట చెయ్యి పెడితే చెప్పడు. స్పానరు విసురుతాడు. ఎక్కడ తగిలితే అక్కడ కాదని అర్థం. మోకాలికి మూడుసార్లు, చెవి పక్కన ఒకసారి తగిలాక పద్నాలుగూ నాకు నోటికి వచ్చేశాయి.

అంతా అయ్యాక చక్రాల పక్కన గొంతు కూర్చుని, మూలుగుతూ, ప్రతి చోటా వేలు పెట్టి చూసేవాడు. వేలికి కొత్త గ్రీజు అంటితే సరే. అంటకపోతే ఆ వేలు నా జాకెట్టుకి తుడిచేవాడు.

ఆ తర్వాత డబ్బాలో రెండు చేతులూ ముంచి, గోళ్ళలోకి ఎక్కేలా రుద్దుకుని, ఒక గుడ్డతో సగం తుడుచుకుని టీ కొట్టుకి పోయేవాడు. అక్కడ అందరికీ చేతులు చూపించుకుంటూ టీ తాగేవాడు. టీ కొట్టు ఆమె నాతో అనేది.

"మీ ఆయన నడుం నొప్పనేది ఉత్తిదే అనుకుంటా వదినా. పొద్దుట్నించీ బండి కిందే ఉన్నానంటాడు."

"మంచం మీద ఉన్నాడు" అన్నాన్నేను.

"ఏ మంచం?"

"పోనీలే. టీ పొయ్యి."

నేను బూడిదతో, సున్నిపిండితో, ఇసకతో ఎంత తోమినా చేతుల కంపు పోయేది కాదు. ఆ రోజు నేను వండిన అన్నం ఆయన తినేవాడు కాదు. కిరసనాయిలు కంపంటాడు. టీ కొట్టులో పునుగులు తిని వచ్చి, నా ఎదురుగా తేన్చేవాడు.

అలా రెండేళ్ళు గడిచాక, దసరాకి బండి కొత్తదానిలా ఉండాలన్నాడు. మా దగ్గర ఆయుధ పూజకి బండికి పసుపు కుంకాలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టడం మామూలే. పక్క ఊళ్ళో ఎవరో ఇరుసులకి సిల్వర్ పెయింటు వేయించారట. అది చూసొచ్చాడు. పండగ ముందు రోజు ఒక డబ్బా, ఒక కుంచె తెచ్చి నా ముందు పడేశాడు.

"ఖాళీ కనపడకూడదు. పూజ పళ్ళెం మెరిసినట్టు మెరవాలి."

నేను పడుకుని పూసుకుంటూ వచ్చాను. సగమయ్యాక మా తమ్ముడు తడిక పక్కనుంచి తొంగిచూశాడు.

"అక్కా, నిప్పిళ్ళకి గుడ్డ చుట్టావా? లేకపోతే కాస్త గ్రీజన్నా రాసి మూసి ఆ మీద పుయ్యి. లేకపోతే పెయింటు కన్నంలో కూర్చుంటది."

పొద్దుట్నించీ వెల్లకిలా పడుకుని ఉన్నాను. పెయింటు కారి మెడలోకి పోతోంది. "నువ్వు స్టీరింగు తిప్పుకోరా. కింద సంగతి నాకు నేర్పొద్దు" అన్నాను. వాడు నవ్వి వెళ్ళిపోయాడు. నేను గుడ్డ చుట్టలేదు. ఇరుసు మాత్రం బాగా మెరిసింది. పూజనాడు చూసినవాళ్ళంతా మా ఆయన పనితనం మెచ్చుకున్నారు.

ఇరవై రోజులకి దీపావళి అమావాస్య. పిండివంటలు పొయ్యి మీద ఉంచి కిందకి దూరాను. పెయింటు ఎండి గట్టిపడిపోయింది. గోరుతో గీకుతూ, గుడ్డతో రుద్దుతూ పదమూడింటికి ఎలాగో ఎక్కించాను. కుడివైపు చక్రం, కింగ్ పిన్ను కింది నిప్పిల్ మాత్రం ఎక్కలేదు. ఎంత నొక్కినా గ్రీజు గన్ను మూతి చుట్టూ బయటికే వచ్చింది. లోపలికి పోలేదు.

"కుడిపక్క కిందది ఎక్కట్లేదు" అన్నాను.

"నిప్పిల్‌కి ఎక్కక కాదు, నీ చేతుల్లో సత్తువ లేక. తినేటప్పుడు మాత్రం ముద్ద బానే ఎక్కుద్ది" అన్నాడు. చేతిలో ఉన్న నూనె గుడ్డ నా మొహం మీదకి విసిరాడు. అది నోట్లో పడింది.

దాన్ని ఉమ్మేసి, చక్రం వెనకాల అలాగే పడుకుని ఒక నిమిషం ఆలోచించాను. ఒక పిన్నీసు, రెండు చుక్కల కిరసనాయిలు ఉంటే కన్నంలో పెయింటు ఊడొస్తుంది. మా ఆయన మొదట్లో అలా చెయ్యడం చూశాను. అప్పటికి నా మెడలో గొలుసుకి నాలుగు పిన్నీసులు వేలాడుతున్నాయి. కిరసనాయిలు చేతి పక్కనే ఉంది. చెయ్యలేదు. వేలితో ఇంత గ్రీజు తీసి, ఆ నిప్పిల్ చుట్టూ, అంచుల్లో, లోపలినుంచి పొర్లి వచ్చినట్టే అందంగా పూశాను. ఆయన వచ్చి వేలు పెట్టి చూశాడు. వేలికి అంటింది.

"చూశావా, తిడితే ఎక్కింది" అన్నాడు.

భయపడి చేశానని రాసుకోవచ్చు. భయం కాదు. ఆ పిన్ను అరిగిపోవాలని, ఆ బండి ఆయన కళ్ళముందు మూలపడాలని అనుకున్నాను. నడిపేది తమ్ముడని తెలియక కాదు. అనుకునేటప్పుడు ఆ సంగతి పక్కన పెట్టాను.

కార్తీక అమావాస్యకి అంతే చేశాను. మార్గశిర అమావాస్యకి నొక్కి చూడను కూడా లేదు, తిన్నగా పూసేశాను. ఈలోపు తమ్ముడు గుణుస్తూనే ఉన్నాడు.

"స్టీరింగు బరువెక్కింది బావా. కుడికి తిప్పితే మళ్ళీ దానంతటది తిరిగి రావట్లా. గుంజుకోవాల్సొస్తంది."

"అన్నం తగ్గించు. బరువు తగ్గుద్ది" అన్నాడు మా ఆయన.

"ఒకసారి ఆటోనగర్‌లో చూపిద్దాం."

"నేను ప్రతి అమావాస్యకీ వేలు పెట్టి చూస్తన్నా. నీకు గెలలు పడకుండా తోలటం చేతకాదని చెప్పు, వింటా."

ఆ సాయంత్రం నేను గేదెకి కుడితి పెడుతుంటే తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, మామూలుగా అడిగినట్టే అడిగాడు.

"అక్కా, అన్నిటికీ గ్రీజు ఎక్కుతోందిగా?"

"ఎక్కుతోంది" అన్నాను.

వాడు నమ్మాడు. నమ్మి, అయితే స్టీరింగు బాక్సులో ఏదో ఉండి ఉంటుందని అనుకుంటూ వెళ్ళాడు.

పుష్య మాసం మంచులో, ఇంకా తెల్లవారకముందే, కాలవ గట్టు మీద లాకులు దాటి మలుపు దగ్గర బండి తూము గోడని గుద్దింది. కుడికి తిప్పాడట, తిరిగింది. ఎడమకి తెద్దామంటే రాలేదు. ఎదురుగా పాలవాడి సైకిలు. దాన్ని తప్పించడానికి ఒళ్ళంతా వేసి గుంజాడట. చక్రం కదలలేదు, బండి గోడకి పోయింది. పాలవాడు బతికాడు. తమ్ముడి రొమ్ము స్టీరింగుకి కొట్టుకుని రెండు పక్కటెముకలు విరిగాయి. కబురొస్తే మేమిద్దరం సైకిలు మీద వెళ్ళాం. తమ్ముడు గట్టు మీద రాయికి ఆనుకుని, ఊపిరి చిన్నచిన్నగా పీలుస్తున్నాడు. మా ఆయన వాడి పక్కనుంచే నడిచి వెళ్ళి ముందు బంపరు చూశాడు, తర్వాత లైటు చూశాడు, తర్వాత నీళ్ళలో పడిన గెలలు చూశాడు. వాడి దగ్గరకి చివర్లో వచ్చాడు.

"తాగావా?"

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. మాట్లాడితే నొప్పి.

"ఏదీ ఊదు" అన్నాడు. విరిగిన పక్కటెముకలతో వాడి చేత ఊదించాడు. వాసన రాలేదు. "నమిలి మింగి ఉంటావులే ఏదో ఒకటి" అన్నాడు.

బండిని ఇంకో బండికి కట్టి ఆటోనగర్‌కి లాక్కెళ్ళారు. తమ్ముణ్ణి బెజవాడ ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచి రొమ్ముకి కట్టు కట్టి పంపారు. మర్నాడు నేను అన్నం కారియర్ తీసుకుని మా ఆయనతో వెళ్ళాను. అక్కణ్ణించి ముగ్గురం షెడ్డుకి వెళ్ళాం. ఆ మెకానిక్ పెద్ద వయసు సాయిబు, ముప్పై ఏళ్ళుగా ముందు ఇరుసుల పనే చేస్తున్నాడని అందరూ ఆయన దగ్గరికే వస్తారు. అప్పటికే చక్రం ఊడదీసి ఉంది. కుడి కింగ్ పిన్ను బయటికి రావట్లేదు. సమ్మెటతో కొట్టారు, మంట పెట్టి కాల్చారు, మళ్ళీ కొట్టారు. వచ్చింది. పై సగం నల్లగా నూనెతో ఉంది. కింది సగం ఎర్రటి తుప్పు. సాయిబు దాన్ని గుడ్డతో పట్టుకుని మా ఆయన మొహం ముందు పెట్టాడు.

"ఈ బండికి గ్రీజు ఎవరు పెడతారండీ?"

"నేనే" అన్నాడు మా ఆయన. నిమిషం కూడా ఆలోచించలేదు. అన్నేళ్ళ అలవాటు. "ఇంకొకరి చెయ్యి పడనివ్వను."

సాయిబు ఇరుసు దగ్గర వంగి, గోరుతో గీరాడు. కుడివైపు కింది నిప్పిల్ మీంచి సిల్వర్ పెయింటు బిళ్ళలా ఊడి వచ్చింది. దాన్ని వేలి మీద పెట్టి చూపించాడు.

"దసరాకి బొట్టు పెట్టారు బండికి. బానే ఉంది. నోరు మూసి బొట్టు పెట్టారు. అప్పట్నుంచీ దీనికి తిండి లేదు. మీ చేత్తో మీరే చంపుకున్నారండీ."

షెడ్డులో పనివాళ్ళు నవ్వారు. పక్క బండి ఓనరు ఒకాయన కూడా నవ్వాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపులో అంతా ఉంది. పెయింటు పూసిందెవరో, గన్ను పట్టిందెవరో, తన వేలికి అంటిన గ్రీజు ఎక్కడిదో, అన్నీ ఆయనకి అప్పుడే తెలిశాయి. కానీ నన్ను పట్టుకోవాలంటే పెళ్ళాం చేత గ్రీజు పెట్టిస్తున్నానని అంతమంది ముందు ఒప్పుకోవాలి.

"గుద్దింది వీడండీ. గుద్దబట్టి పిన్ను పోయింది" అన్నాడు తమ్ముణ్ణి చూపించి.

"గుద్దితే వంగుద్ది. తుప్పు పట్టదు."

"రోజూ కాలవలోకి దింపి కడుగుతాడు. ఇరుసు మునిగేదాకా దింపుతాడు, ఎంత చెప్పినా వినడు. నీళ్ళు పోయినయ్యి. పెయింటు కూడా వాడే పూశాడు, దసరాకి, నాకు చెప్పకుండా."

తమ్ముడు నా వైపు చూశాడు. వాడికి అంతా తెలుసు. గుడ్డ చుట్టమన్నది వాడే. కుడితి తొట్టి దగ్గర అడిగింది వాడే. నోరు తెరిచి "అక్క" అంటే చాలు. అనలేదు. నన్ను అననివ్వడానికి ఆగాడు. నేను చేతిలో కారియర్ చూసుకున్నాను. పై గిన్నె మూత సరిగ్గా పడలేదు, పులుసు కారుతోంది. కొంగుతో తుడిచాను. తుడుస్తూనే ఉన్నాను.

"బావ చెప్పినట్టే" అన్నాడు తమ్ముడు సాయిబుతో. ఊపిరి అందక ఆ రెండు మాటలు కూడా విడివిడిగా అన్నాడు.

మా ఆయనకి నేను దొరికాను, నాకు ఆయన దొరికాడు. ఇద్దరికీ తమ్ముడు దొరికాడు.

మూడో రోజుకి పాక ఖాళీ చేయించాడు. తమ్ముడు బరువు ఎత్తకూడదన్నారు కాబట్టి సామానంతా మరదలే మోసింది. చివర్న పిల్లని చంకనేసుకుని నా గుమ్మం ముందు ఆగింది.

"వెళ్ళొస్తా వదినా. మీ చేతులు శుభ్రంగా ఉన్నయ్యి. ఉంచుకోండి."

ఉయ్యూరులో ఒక గది చూసుకున్నారు. మరదలు చెరకు తోటల్లో ఆకు దులపడానికి పోయేది. తమ్ముడు తెలిసిన ఓనర్లందరినీ అడిగాడు. మా ఆయన అప్పటికే టీ కొట్టులో చెప్పాల్సింది చెప్పేశాడు. మా వైపు డ్రైవరుకి ఒకసారి తాగుబోతని పేరు పడితే సైకిలు కూడా చేతికివ్వరు. బండి బాగై వచ్చింది, కొత్త డ్రైవరు వచ్చాడు. అమావాస్య వచ్చింది, తడికలు కట్టారు, నేను మళ్ళీ కిందకి దూరాను. మా ఆయన నిప్పిల్ మాట ఒక్కనాడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ నెల గ్రీజు పెట్టాక ఆయన వేలు పెట్టి చూడలేదు. గన్ను మూతి ఆనించి నొక్కమని, తను చూస్తుండగా పద్నాలుగూ నొక్కించాడు.

ఆ తర్వాతి అమావాస్య నాడు నేను బండి కింద ఉండగానే పక్క ఊరి రైసు మిల్లు ఓనరు వచ్చాడు. తడిక అవతల మంచం వేయించి మా ఆయన కూర్చోబెట్టాడు. నేను కింద ఉన్నానని ఆయనకి తెలియదు. మా ఆయనకి తెలుసు.

"కొత్త పికప్ తీశానయ్యా. మీ బామ్మర్ది వచ్చి అడిగాడు. చెయ్యెట్టాంటిది?"

"చెయ్యి మంచిదేనండీ. కళ్ళే మూసుకుపోతయ్యి."

"తాగుతాడా?"

"నేను చూళ్ళేదు. చూడనిది ఎందుకు చెప్పాలి. వాసన మాత్రం వచ్చింది."

మిల్లు ఓనరు నవ్వాడు. "బండి మీద శ్రద్ధ ఉందా?"

"అది మాత్రం అడగొద్దు. నా చేత్తో ప్రతి అమావాస్యకీ గ్రీజు పెట్టుకునే బండి. కాలవలో ముంచి ముంచి పిన్ను తుప్పు పట్టించాడు. మీరు కొత్త బండి అంటున్నారు. మీ ఇష్టం."

"అయితే వద్దంటావు."

"నేను వద్దనలేదండీ. బామ్మర్ది కదా."

నేను గన్ను పట్టుకుని బయటికి పాకి వచ్చాను. జుట్టు నిండా మట్టి. జాకెట్టు వీపు తడి. తడిక పక్కకి నెట్టి నిలబడ్డాను. మిల్లు ఓనరు తెల్ల చొక్కా వెనక్కి లాక్కున్నాడు.

"గ్రీజు పెట్టేది నేను. పెయింటు పూసింది నేను. నిప్పిల్ ఎక్కట్లేదని తెలిసి పైన పూసి మోసం చేసింది నేను. మా తమ్ముడు నన్ను అడిగితే ఎక్కుతోందని చెప్పింది కూడా నేనే. వాడు తాగడు. వాడు బండిని కాలవలోకి దింపలేదు."

"దానికి మతి లేదండీ" అన్నాడు మా ఆయన. "తమ్ముడి కోసం ఎంతకైనా తెగిస్తది. ఆడది బండి కింద దూరుద్దా, మీరే చెప్పండి."

"ఆయన చేతులు చూడండి. ఇంకా డబ్బాలో ముంచలేదు" అన్నాను.

మిల్లు ఓనరు మా ఆయన చేతులు చూశాడు. తెల్లగా ఉన్నాయి. నా చేతులు చూశాడు.

"ఏదమ్మా, ఎన్ని నిప్పిళ్ళు ఉన్నయ్యో చెప్పు."

చెప్పలేదు. మళ్ళీ కిందకి దూరి, ఒక్కొక్కదాని మీదా చెయ్యి పెట్టి, దాని పేరు చెబుతూ పద్నాలుగూ చూపించాను. ఆయన పంచె ఎగ్గట్టి, తల వంచి, నేల మీద చెయ్యానించి మరీ చూశాడు. లేచి దుమ్ము దులుపుకున్నాడు. అప్పుడు మొదలెట్టాడు నవ్వడం.

"ఏమయ్యా, టీ కొట్టుకాడ గోళ్ళు చూపించుకుంటా తిరిగేది ఇందుకా? ఎదవది, నేను కూడా మెచ్చుకున్నా గదయ్యా నిన్ను."

మా ఆయన మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. మిల్లు ఓనరు నా వైపు తిరిగాడు. నవ్వు ఆగిపోయింది.

"మీ తమ్ముణ్ణి పంపించు. బండి ఇస్తాను. నువ్వు మాత్రం నా బండి చుట్టుపక్కలకి రాబాకమ్మా. మొగుడి మీద కోపానికి తమ్ముడి కింద బండి పాడుచేసినదానివి. నువ్వు ఏమైనా చేస్తావు."

నేను తల ఊపాను. ఆయన చెప్పింది నిజమే.

ఆ సాయంత్రానికి సంగతి టీ కొట్టుకి చేరింది. మా ఆయన ఆ రోజు టీ తాగడానికి పోలేదు. గ్రీజు గన్ను ఇనప గొట్టంతో నన్ను కొట్టాడు. నడుం నొప్పి అడ్డం రాలేదు. ఎడమ మోచేయి ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు. తర్వాత ఆయన పదేళ్ళు బతికాడు. ఆ పదేళ్ళూ గ్రీజు నేనే పెట్టాను, తడికలు లేకుండా. ఎవరైనా ఆగి చూస్తే మా ఆయన లోపలికి వెళ్ళిపోయేవాడు.

నెల తర్వాత, తమ్ముడికి బండి కుదిరిందని విని, ముద్దపప్పు, చేపల పులుసు వండి గిన్నెలో పెట్టుకుని మిల్లు దగ్గరకి వెళ్ళాను. కొత్త బండి ఊక కుప్ప పక్కన ఉంది. కిందనుంచి రెండు కాళ్ళు బయటికి ఉన్నాయి. వాడి కాళ్ళే. గ్రీజు పెడుతున్నాడు. గన్ను నొక్కిన చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డాను.

"ఒరేయ్, నేను చెప్పాను మీ ఓనరుకి. నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆటోనగర్‌లోనే చెప్పాల్సింది. ఆలస్యమైంది."

కాళ్ళు కదలలేదు. గన్ను చప్పుడు ఆగింది.

"ఆటోనగర్‌ది కాదక్కా. నువ్వు అక్కడ బావకి భయపడ్డావు, పోనీ. కుడితి తొట్టి కాడ నేనొక్కణ్ణే ఉన్నా. ఇంకెవరూ లేరు. నేనడిగా."

నేను గిన్నె ఇంకో చేతికి మార్చుకున్నాను.

"నీకు తెలిసే ఎక్కించావు నన్ను ఆ బండి. రెండు నెలల పైనే" అన్నాడు. "మధ్యలో రెండు సార్లు నా పిల్లని కూడా ఎక్కించుకుని తిప్పా. నువ్వు గుమ్మంలో నిలబడి చెయ్యూపావు."

అది నిజం. చెయ్యూపాను. పిల్ల కూడా ఊపింది.

"ఇటు రాబాక. ఓనరు చెప్పాడని కాదు, నేను చెబుతున్నా."

గన్ను మళ్ళీ మొదలైంది. నేను గిన్నె ముందు టైరు పక్కన, ఊక అంటకుండా ఇటుక మీద పెట్టి వచ్చేశాను. మర్నాడు పొద్దున లేచేసరికి గిన్నె కడిగి మా గుమ్మం ముందు బోర్లించి ఉంది. వాడు తిన్నాడో, మరదలికి ఇచ్చాడో, మిల్లు దగ్గర కుక్కకి పెట్టాడో తెలియదు. అడిగేంత దగ్గరకి వాడు నన్ను మళ్ళీ రానివ్వలేదు.